కట్టు నుంచి పూత దాకా: అనంతపురం ఎముకల కథ

అనంతపురం, ధర్మవరం, కదిరి, గుంతకల్లు. ఏ ఊరి బస్టాండులో దిగినా, చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగితే ‘పుత్తూరు కట్టు’ అన్న బోర్డు ఎక్కడో ఒకచోట కనబడుతుంది. పుత్తూరు ఈ ఉమ్మడి అనంతపురం జిల్లాది కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, తిరుపతి నుంచి మద్రాసుకు పోయే దారిలో ఉంది. అయినా రాయలసీమలో ఎముక విరిగినవాడికి ఇంట్లో పెద్దవాళ్లు మొదట చెప్పే పేరు అదే. చింతకాయలు దులపడానికి చెట్టెక్కి జారినవాడు, ఎద్దుల బండి కింద కాలు పడినవాడు, ఈ కాలంలోనైతే హైవే మీద బైకుతో పడినవాడు, అందరికీ అదే సలహా: “పుత్తూరికి పోయి కట్టు కట్టించుకో.”

ఆ కట్టుకు మూలపురుషుడు పుత్తూరు పక్కనున్న ఈశ్వరాపురానికి చెందిన కేశవరాజు అనీ, 1881 ప్రాంతంలో ఈ వైద్యం మొదలైందనీ ఆ రాజుల కుటుంబం చెప్పుకుంటుంది. కథ ఇలా సాగుతుంది. వేటలో దొరికిన కుందేలును ఏవో ఆకుల్లో చుట్టి ఇంటికి తెస్తే, విప్పేసరికి అది లేచి పరుగెత్తిందట. ఆ ఆకు ఏదన్నది ఇంటి గుట్టు. ఇలాంటి కథలకు పాఠాంతరాలు చాలా ఉంటాయి, నమ్మడం నమ్మకపోవడం వినేవాడి ఇష్టం. కుందేలు మాట ఎలా ఉన్నా, తరాల తరబడి జనం ఆ ఊరికి కట్టిన వరస మాత్రం కల్పన కాదు. ఆ 1881కి ఒక్క ఏడాది తర్వాతే, 1882లో, బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా పుట్టింది. అంటే ఈ జిల్లాకూ ఆ కట్టుకూ దాదాపు ఒకటే వయసు.

కట్టు వేసే తీరు చూడదగ్గది. ముందు వేళ్లతో ఒత్తి విరుపు ఎక్కడుందో పట్టుకుంటారు. ఒకరు పైభాగాన్ని కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు కింది భాగాన్ని నిదానంగా లాగి ఎముకను వరసలోకి తెస్తారు. నూరిన ఆకు ముద్దను, కోడిగుడ్డు తెల్లసొనను పట్టించి, గుడ్డ చుట్టి, పైన వెదురు బద్దలు పెట్టి మళ్లీ చుడతారు. సొన ఆరేకొద్దీ గుడ్డ బిర్రుగా బిగుసుకుంటుంది. ఒకప్పుడు చేతి వేళ్లే ఎక్స్‌రే. ఇప్పుడు చాలాచోట్ల కట్టు కట్టేవాళ్లే ఫిల్ము తెమ్మంటున్నారు.

తెల్లసొన వాడకం పుత్తూరు ఒక్కదాని సొత్తు కాదు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు లారీ కూడా గాయపడిన సైనికుల కట్లను గుడ్డుసొనతో బిగించేవాడు. డచ్చి సైనిక వైద్యుడు మాథిజ్సెన్ 1850ల మొదట్లో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అద్దిన గుడ్డను వాడుకలోకి తెచ్చేదాకా యూరప్‌లో పిండి, సొన, బంకలే దిక్కు. మన వైపు సుశ్రుతుడు అంతకు చాలా ముందే భగ్న చికిత్సలో మేడి, రావి, మోదుగ వంటి చెట్ల బెరళ్లను, వెదురును బద్దలుగా కట్టమన్నాడు. ఎవరు ఏ పదార్థం వాడినా సూత్రం ఒక్కటే: విరిగిన కొసలు ఎదురెదురుగా ఉండి, కదలకుండా ఉంటే చాలు, అతుక్కునే పని ఎముకే చేసుకుంటుంది. నాటు కట్టు గెలిచిన చోట గెలిచింది అందుకే. ఓడిన చోట కూడా కారణం స్పష్టమే. మరీ బిగించిన కట్టు కింద రక్తం ఆడక కండ చచ్చిపోవడం, చర్మం చీల్చుకుని బయటికొచ్చిన ఎముకకు ఆకు ముద్ద పూస్తే చీము పట్టడం, కీలు దగ్గరి విరుపు వంకరగా అతుక్కోవడం ఎముకల డాక్టర్లకు కొత్త కాదు. ఆ కేసులన్నీ ఆలస్యంగా వాళ్ల దగ్గరికే వస్తాయి మరి.

అనంతపురం పల్లెల్లో ఎముక వైద్యం అనగానే గుర్తొచ్చే మరో పేరు నల్లేరు. రాతిగోడల మీద, కంచెల మీద, ఎవరూ నీళ్లు పోయకపోయినా నాలుగు పలకల కాడలతో పాకిపోయే తీగ ఇది. కరువు నేలకు సరిగ్గా సరిపోయింది. లేత కాడలు కోసి, దురద పెడుతుంది గనక చేతులకు నూనె రాసుకుని నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు, ఎండుమిర్చితో పచ్చడి నూరుతారు. నడుం నొప్పికీ కీళ్ల నొప్పికీ మంచిదని, ఎముక విరిగితే పైన కూడా కట్టవచ్చని వాడుక. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ దీని మీద జంతువుల్లో ప్రయోగాలు చేశారు. విరిగిన ఎముకలోకి కాల్షియం ఎంత చేరుతోందో రేడియోధార్మిక కాల్షియం-45తో కొలిచి, నల్లేరు ఇచ్చిన జంతువుల్లో అతుకు త్వరగా గట్టిపడిందని రాశారు. అప్పటి నుంచి పరిశోధన సాగుతూనే ఉంది గానీ అదేమీ నల్లేరు మీద బండి నడక కాలేదు. మోతాదు ఎంత, ఏ పదార్థం పనిచేస్తోంది, మనుషుల్లో ఫలితం ఎంత అన్నవి ఇంకా తేలవలసిన లెక్కలు.

అయితే ఆకు ముద్దైనా సొనైనా చర్మం పైన ఆగిపోయేవే. ఎముకను అవి తాకవు. ఈ జిల్లాలో ఎముక లోపలికే చేరి దాని రూపాన్ని మార్చింది మరొకటి: తాగే నీరు.

ఆ కథ అనంతపురంలో మొదలవలేదు. 1930లలో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతంలో, వెన్ను కొయ్యలా బిగుసుకుపోయి మెడ తిప్పలేని, వంగలేని మనుషులు డాక్టర్ల కంటపడ్డారు. పశువుల్లోనూ అలాంటి అవస్థే ఉందని అప్పటికే ఒక పరిశీలన వచ్చింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు ప్రెసిడెన్సీలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ఉందని వ్యాసం ప్రచురించారు. భారతదేశంలో మనుషుల ఎముకల్లో ఫ్లోరైడ్ జబ్బును గుర్తించిన తొలి నివేదిక అదే.  హైదరాబాద్ రాష్ట్రంలోని నల్గొండలో ఇదే జబ్బు గురించి సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. నరాల శస్త్రవైద్యుడు దేమె రాజారెడ్డి, గట్టిపడి పెరిగిన వెన్నెముక లోపలి వెన్నుపామును ఎలా నొక్కేస్తుందో ఏళ్ల తరబడి అధ్యయనం చేశాడు.  1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో మరో వింత నమోదు చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. నాగార్జునసాగర్ కట్టాక భూగర్భజలం పైకి రావడం, నేలలో రసాయనాలు మారడం, జొన్నలో మాలిబ్డినం పెరగడం కారణాలు కావచ్చని వాళ్ల అనుమానం.

అనంతపురంలో ఇదంతా ఎందుకు పునరావృతమైందో రాళ్లను చూస్తే తెలుస్తుంది. జిల్లా కింద పరుచుకున్నది గ్రానైటు, నైస్. వాటిలో అపటైట్, బయోటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలుంటాయి, వాటిలో ఫ్లోరిన్. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, ఏడాది పొడుగునా ఎండ. నీరు ఇగిరేకొద్దీ అందులోని కాల్షియం సుద్దగా గడ్డకట్టి నేలలోనే ఉండిపోతుంది. కాల్షియం ఉన్నంతకాలం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. అది పోయి సోడియం, బైకార్బొనేట్ మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరుగుతుంది. మోట బావుల కాలంలో జనం తాగింది పైపొర నీరు. బావులు ఎండి, బోరు బండ్లు వచ్చి, వందల అడుగుల కిందికి దిగాక రాతి సందుల్లో ఎన్నో ఏళ్లుగా నానిన నీరు బిందెల్లోకి వచ్చింది. కరువును గెలవడానికి తవ్విన బోరే ఎముకకు చేటు తెచ్చింది. అందుకు రైతును తప్పుపట్టడానికేమీ లేదు, బోరు నీటికి రుచిలోనూ రంగులోనూ తేడా తెలియదు.

ఎముకలో గట్టి భాగం హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజానికి దగ్గరిది. పది కాల్షియం, ఆరు ఫాస్ఫేట్, రెండు హైడ్రాక్సిల్. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణం హైడ్రాక్సిల్‌కు దాదాపు సమానం కాబట్టి సులువుగా దాని చోట్లో కూర్చుంటుంది. అప్పుడా ఎముక ఖనిజం ఫ్లోర్ అపటైట్ వైపు జరుగుతుంది. ఈ కొత్త స్ఫటికం తేలిగ్గా కరగదు. ఎముక అంటే ఎప్పుడూ కరుగుతూ కడుతూ ఉండే కట్టడం. కరగడం మందగిస్తే పాత ఎముక పేరుకుపోతుంది. ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా, ఎంతో బలంగా కనిపిస్తుంది. స్నాయువుల్లో కూడా సున్నం చేరుతుంది. కానీ ఆ ఎముక పెళుసు.

చిక్కదనం వేరు, బలం వేరు అన్న ఈ సంగతిని వైద్యశాస్త్రం ఖరీదైన దారిలో నేర్చుకుంది. ఫ్లోరైడ్ ఎముకను చిక్కపరుస్తుంది గనక ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లకు మందుగా ఇద్దామని పాశ్చాత్య దేశాల్లో 1960ల నుంచి ప్రయత్నించారు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 202 మంది మహిళల మీద నాలుగేళ్లు జరిపిన పరీక్ష ఫలితాలు వెల్లడించారు. సోడియం ఫ్లోరైడ్ తీసుకున్నవారి నడుము ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్ను విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, చేతులూ కాళ్లూ తుంటీ విరగడం ఎక్కువైంది. పొదిలి మనిషి వెన్నులో 1937లోనే కనిపించిన పాఠం అది.

నీటికి వైద్యం కొంత నాగపూరులో, కొంత అనంతపురంలోనే దొరికింది. 1970లలో నాగపూరులోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందించి నల్గొండ పేరు పెట్టింది. పద్ధతి బాగానే ఉంది గానీ, ప్రతి పల్లెలో ఎవరో ఒకరు రోజూ కొలిచి కలపాలి. అనంతపురం పల్లెలకు ఎక్కువ ఉపయోగపడింది ఊరి బయటి నుంచి తెచ్చిన నీరే. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం పెన్నహోబిలం వంటి జలాశయాల నుంచి గొట్టాలు వేసి ఏడు వందలకు పైగా ఊళ్లకు నీరిచ్చింది. నీరు మారినంత మాత్రాన అప్పటికే ఎముకలో చేరిన ఫ్లోరైడ్ వెంటనే పోదు. అది మెల్లగా, ఏళ్ల మీద దిగవలసిందే.

రాతిలోని ఆ అపటైటే తెలుగు పల్లెల్లో నీటి ద్వారా ఎముకను పాడుచేస్తుంటే, సరిగ్గా అదే కుటుంబపు ఖనిజాన్ని ప్రపంచంలో మరోచోట ఎముకకు మందుగా మార్చే ఆలోచన మొదలైంది. విరిగిన ఎముకకు లోపల లోహం బిగించాలన్న ప్రయత్నం పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఉంది. లండన్‌లో లేన్ ఉక్కు పలకలు వాడాడు, అవి శరీరంలో తుప్పుపట్టాయి. 1940లో జర్మనీ నుంచి కుంచర్ కడ్డీ వచ్చింది, తర్వాత 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్ స్థిరపడింది. తుప్పు సమస్య తగ్గింది గానీ శరీరం ఆ లోహాన్ని తనదనుకోలేదు. చుట్టూ పీచు కణజాలంతో పలుచని గోడ కట్టి వేరుచేసేది. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం గొట్టం ఊడి రాకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. పుత్తూరు కథలోనూ కుందేలే, స్వీడన్ కథలోనూ కుందేలే. కాకతాళీయమే అయినా నవ్వొస్తుంది.

అసలు మలుపు 1967లో, ఒక బస్సులో. అమెరికాలో ఒక పదార్థ శాస్త్ర సదస్సుకు వెళ్తున్న లారీ హెంచ్ పక్కసీట్లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనిక కల్నల్ కూర్చున్నాడు. సైనికులకు పెడుతున్న లోహాలను, ప్లాస్టిక్కులను శరీరం తోసేస్తోంది, అది ఒప్పుకునే పదార్థం చేయలేరా అన్నది ఆయన ప్రశ్న. హెంచ్ గాజు మీద పనిచేసేవాడు. ఎముకలో ఉన్నది కాల్షియం, ఫాస్ఫేట్ అయితే అవి వదిలే గాజే చేద్దామనుకున్నాడు. 45 శాతం సిలికా, 24.5 శాతం చొప్పున సోడియం, కాల్షియం ఆక్సైడ్లు, 6 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. 1969లో ఎలుక తొడ ఎముకల్లో పెట్టిన ఆ గాజు ముక్కలు ఆరు వారాల తర్వాత లాగినా ఊడలేదు. గాజు ఉపరితలం నుంచి సోడియం బయటికి పోయి, జిగురులాంటి సిలికా పొర ఏర్పడి, దాని మీద ఎముక ఖనిజం స్ఫటికాలుగా పేరుకుని, కొల్లాజెన్ పీచులు అందులోకి అల్లుకున్నాయి. ‘బయోయాక్టివ్’ అనే తరగతి పదార్థాలు ఇలా మొదలయ్యాయి.

గాజు పెళుసు, బరువు మోసే కాలికి పనికిరాదు. కాబట్టి బలం లోహానికి వదిలేసి పైన పూత వేయడం అందరికీ తోచిన దారి. హైడ్రాక్సీ అపటైట్ పొడిని వేల డిగ్రీల వేడి ప్లాస్మా జ్వాలలోకి ఊదుతారు. రేణువులు సగం కరిగి టైటానియం మీద చితికి చప్పున చల్లారతాయి. పొర మందం సుమారు 50 నుంచి 200 మైక్రాన్లు. వేడి మోతాదు మించితే ఖనిజం వేరే పదార్థాలుగా విడిపోతుంది, ఒంట్లో త్వరగా కరిగిపోతుంది. లోహానికి సరిగా పట్టకపోతే తడి గోడ మీది సున్నంలా పెచ్చులూడుతుంది. 1985లో బ్రిటన్‌లో ఫర్లాంగ్ అలాంటి పూత ఉన్న తుంటి కీలును రోగికి అమర్చాడు. సిమెంటు అక్కరలేకుండా ఎముక నేరుగా పూతలోకి పెరిగింది. ఆ పూతలు నిలబడాలని, తొందరగా కరగకూడదని, పరిశోధకులు ఆలోచించి హైడ్రాక్సీ అపటైట్‌లో కొంత ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. అనంతపురం బోరు నీరు తెలియకుండా చేసిన పనినే ప్రయోగశాల కొలిచి చేసింది. తేడా అంతా మోతాదులోనే.

హైడ్రాక్సీ అపటైట్‌కు కాల్షియం ఎక్కడి నుంచి వస్తుందన్నది మరో సరదా విషయం. కొన్ని ప్రయోగశాలలు కోడిగుడ్డు పెంకులు తెస్తాయి. కాల్చి సున్నం చేసి ఫాస్ఫేట్‌తో కలిపితే ఎముక ఖనిజం సిద్ధం. సొన పుత్తూరుకు, పెంకు ల్యాబుకు.

తెలుగు నేల మీద ఈ పనికి పునాది హైదరాబాద్‌లో పడింది, అదీ రక్షణ రంగం కోసం. 1973లో కంచన్‌బాగ్‌లో మొదలైన మిధాని టైటానియం మిశ్రలోహాలు తయారుచేసింది. రక్షణ అవసరాలే మొదటివి అయినా, శరీరంలో అమర్చే పరికరాల లోహం కూడా అక్కడి నుంచే రాసాగింది. 1990లలో అబ్దుల్ కలాం బృందం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి ఎముకల విభాగంతో కలిసి క్షిపణికి వాడే మిశ్రమ పదార్థంతో పోలియో పిల్లలకు క్యాలిపర్లు చేసింది. కిలోల బరువున్న ఇనుప క్యాలిపర్ల స్థానంలో కొన్ని వందల గ్రాములవి వచ్చాయి. క్షిపణి అనగానే గర్వపడేవాళ్లు ఈ క్యాలిపర్‌ను కూడా అంతగా గుర్తుపెట్టుకుంటే బాగుండేది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం లోహపు పొడులకు, పూతలకు పేరుపొందింది. త్రివేండ్రంలోని శ్రీచిత్ర సంస్థ సిలికా కలిపిన హైడ్రాక్సీ అపటైట్ మీద ఏళ్లుగా పనిచేస్తోంది.

ఇవన్నీ ఉన్నా, ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో కాలు పైకి కట్టుకుని పడుకున్న కూలీ ఒంట్లోకి వెళ్లేది మామూలుగా పూత లేని ఉక్కు కడ్డీయే. పూత వేసిన తుంటి కీళ్ల ఖర్చు వేరు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ ఉచిత వైద్య పథకం మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఉంది. దారులు ఒకప్పటికన్నా పెరిగాయి. కానీ ఎముక అతుక్కున్నాక ఆ కడ్డీని తీయించుకోవడానికి రెండో ఆపరేషన్ అంటే మళ్లీ రోజుల కూలి పోవడమే. “నొప్పి లేదుగా, ఉండనీ” అని వదిలేసేవాళ్లు ఎందరో.

వాళ్లకు పనికొచ్చే ఆలోచన ఒకటి బాలాపూర్ నుంచే వచ్చింది. ఏఆర్‌సీఐ, శ్రీచిత్ర కలిసి ఇనుము, మాంగనీసు మిశ్రలోహాన్ని తయారుచేశాయని 2020లో ప్రకటన వెలువడింది. అందులో మాంగనీసు 29 శాతానికి పైనే ఉంటుంది. ఎముక అతికేదాకా బలంగా ఉండి, తర్వాత శరీరంలోనే మెల్లగా కరిగిపోతుంది, తీయించాల్సిన పని ఉండదు. ఎంఆర్‌ఐకి అడ్డురాదు. పరీక్షలో దాని మీద కాల్షియం ఫాస్ఫేట్ పొర దానంతటదే పేరుకుంది, అంటే పూతను శరీరమే వేసుకునే అవకాశం ఉంది.

ఆ పరీక్ష జరిగింది కృత్రిమ శరీర ద్రవంలో. ఇది జపాన్ శాస్త్రవేత్త కోకుబో తయారుచేసిన వంటకం, 1990 నుంచి ప్రపంచమంతటా ఇలాంటి పదార్థాలను ఇందులోనే నానబెట్టి చూస్తారు. 36.5 డిగ్రీల వేడి, పీహెచ్ 7.4. సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, క్లోరైడ్, బైకార్బొనేట్, ఫాస్ఫేట్, సల్ఫేట్, అన్నీ మనిషి రక్తంలో ఉన్న పాళ్లకు దగ్గరగా కలుపుతారు. ఆ ప్రామాణిక జాబితాలో ఫ్లోరైడ్ లేదు. ముప్పై ఏళ్లు బోరు నీళ్లు తాగిన అనంతపురం రైతు రక్తంలోనూ ఎముకలోనూ అది మామూలు కన్నా ఎక్కువే ఉండవచ్చు. అలాంటి ఒంట్లో పొర ఎంత త్వరగా పేరుకుంటుంది, లోహం ఎంత నెమ్మదిగా కరుగుతుంది, పెళుసు ఎముకలో మర ఎలా పట్టుకుంటుంది అన్నవి ఈ జిల్లా రోగికి నేరుగా సంబంధించిన ప్రశ్నలు. ఆ ద్రవంలో చిటికెడు సోడియం ఫ్లోరైడ్ కలిపి మళ్లీ నానబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.